రంగుల స్కాన్ వచ్చిందని సూది పరీక్ష మానేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో థైరాయిడ్ గడ్డల మీద వచ్చిన వ్యాసం చదివాను. 'ఇక సూది అక్కర్లేదు' అని పెద్ద అక్షరాల్లో శీర్షిక పెట్టారు. ఎలాస్టోగ్రఫీ అనే అల్ట్రాసౌండ్ పరీక్షతో మెడలో ఉన్న గడ్డ మామూలుదో, క్యాన్సరో రంగుల్లో తెలిసిపోతుందని రాశారు. నేను చెన్నైలో, పెరంబూరులో పనిచేసే రేడియాలజిస్టుని. మాది నెల్లూరు జిల్లా. మీరు రాసిన పరీక్ష నా రోజువారీ పని. ఆ శీర్షిక చూశాక రెండు రోజులు ఊరుకున్నాను గానీ, రోగులు ఆ పేజీ కత్తిరించి పర్సులో పెట్టుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టాక ఇక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. వీలైతే కోయకుండా వేయండి. ఈ విషయంలో సగం మాట చెప్పడం వల్లే చిక్కొచ్చింది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. వ్యాసర్పాడి, పులియంతోపు, షావుకారుపేటల్లో తరాల నుంచి ఉంటున్నవాళ్ళు కొందరు. తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు నుంచి పొద్దున్నే బండెక్కి సెంట్రల్‌లో దిగేవాళ్ళు కొందరు. మాటలో తమిళం కలిసినా కలవకపోయినా భయం మాత్రం అందరిదీ ఒకటే. "గడ్డని సూదితో కదిపితే క్యాన్సర్ అవుతుందంట కదమ్మా?" అని అడుగుతారు. కత్తి తగిలితే పాకుతుందని, సూది తగిలితే నిద్రపోయేదాన్ని లేపినట్టని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పి పంపిస్తారు. "మా చిన్నత్తకి పదేళ్ళు ఏమీ కాలేదు, సూది వేసిన నెలకే క్యాన్సర్ అన్నారు" అని ఒకావిడ నాతో గట్టిగా వాదించింది. ఆ చిన్నత్తకి ఉన్న జబ్బునే సూది బయటపెట్టింది. కానీ ఇంట్లోవాళ్ళ లెక్కలో ముందు సూది, తర్వాత క్యాన్సర్. ఆ వరస వాళ్ళ మనసులో అలా ముద్ర పడిపోయింది. ఇలాంటి భయం ఉన్నవాళ్ళ చేతికి 'సూది అక్కర్లేదు' అన్న శీర్షిక అందితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. వ్యాసంలో ఎక్కడో చివర్న 'వైద్యుల సలహా తీసుకోవాలి' అని రాశారు. అది ఎవరు చదువుతారు?

అందుకని ముందు సూది గురించే చెబుతాను. మేం ఎఫ్‌ఎన్‌ఏసీ అని రాసే ఆ పరీక్షలో వాడే సూది సాధారణంగా రక్తం తీసే సూది కంటే సన్నంగా ఉంటుంది. మామూలుగా మత్తు కూడా అక్కర్లేదు. భుజాల కింద దిండు పెట్టి, తల కాస్త వెనక్కి వాల్చి పడుకోబెడతాం. స్కాన్ తెర మీద సూది మొన గడ్డలోకి దిగడం చూస్తూనే దాన్ని ముందుకీ వెనక్కీ కొద్దిగా ఆడించి కాసిని కణాలు తీస్తాం. గాజు పలకల మీద పూసి ల్యాబ్‌కి పంపుతాం. ఆ కొద్ది క్షణాలూ గుటక వేయకుండా ఉండమంటాం, చాలామందికి అదే కష్టం. తర్వాత ఒకటి రెండు రోజులు మెడ దగ్గర కాస్త నొప్పి, కొందరికి కొంచెం కమిలిన మచ్చ. సూది వెళ్ళిన దారి వెంట క్యాన్సర్ పాకడం థైరాయిడ్‌లో ఎంత అరుదంటే, ఆ భయంతో పరీక్ష మానుకోమని ప్రపంచంలో ఏ వైద్య సంఘమూ చెప్పదు.

ల్యాబ్‌లో పాథాలజిస్టు ఆ కణాలను మైక్రోస్కోపులో చూసి బెతెస్డా పద్ధతి ప్రకారం ఆరు తరగతుల్లో ఒకటి రాస్తారు. ఒకటి అంటే కణాలు చాలలేదని, మళ్ళీ తీయాలని. రెండు అంటే ప్రమాదం లేనిది. ఆరు అంటే క్యాన్సర్. మధ్యలో ఎటూ తేలని మూడు, నాలుగు వస్తే మాకూ రోగికీ టెన్షనే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు ఎలాస్టోగ్రఫీ. దీన్ని తక్కువ చేయాలని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. నాకు ఈ పరీక్ష అంటే ఇష్టం. మెడ మీద వేళ్ళు పెట్టి నొక్కి చూసి, గట్టిగా తగిలిన గడ్డను అనుమానించడం డాక్టర్లకు ఎప్పటినుంచో అలవాటు. వేలికి తెలిసే ఆ గట్టితనాన్ని తెర మీద బొమ్మగా చూపించవచ్చని 1991లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జోనథన్ ఓఫిర్, ఆయన సహచరులు ఒక పద్ధతి ప్రచురించారు. సూత్రం సులువే. దూది దిండులో ఎక్కడో ఒక చింతగింజ ఉందనుకోండి. పైనుంచి నొక్కితే చుట్టూ ఉన్న దూది అణుగుతుంది, గింజ అణగదు. స్కాన్ మిషను నొక్కకముందు ఒక బొమ్మ, నొక్కాక ఒక బొమ్మ తీసుకుని, ఏ భాగం ఎంత అణిగిందో లెక్కగట్టి దాని మీద రంగులు పరుస్తుంది. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాపిలరీ రకం. అది పెరిగే చోట తరచుగా పీచులాంటి కణజాలం అల్లుకుంటుంది, సన్నటి సున్నపు రేణువులు చేరతాయి. అందుకే అది చుట్టుపక్కల గ్రంథి కంటే గట్టిగా ఉంటుంది. ఎలాస్టోగ్రఫీ పట్టుకునేది ఆ గట్టితనాన్నే. క్యాన్సర్‌ని నేరుగా చూసే శక్తి దానికి లేదు.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిదాంట్లో డాక్టరు చేతిలో పట్టుకునే స్కాన్ పరికరాన్ని, అంటే ప్రోబ్‌ని మెడ మీద చాలా తేలిగ్గా నొక్కి వదులుతూ ఉంటారు. రెండోది షియర్ వేవ్. అందులో చేత్తో నొక్కడం ఉండదు. మిషనే ఒక శబ్దపు తోపు ఇస్తుంది, దానివల్ల కణజాలంలో పక్కలకు పాకే అలలు పుడతాయి. గట్టిగా ఉన్నచోట అల వేగంగా పోతుంది, మెత్తగా ఉన్నచోట నెమ్మదిగా. ఆ వేగం నుంచి గట్టితనాన్ని కిలోపాస్కల్ అనే కొలతలో అంకెగా ఇస్తుంది. అంకె వచ్చింది కదా, ఇక అనుమానం ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ ప్రోబ్‌ని మెడ మీద కాస్త బరువుగా ఆనించినా చాలు, మెత్తటి గ్రంథి కూడా గట్టిదని చూపిస్తుంది. నేను కొత్త డాక్టర్లకు నేర్పేటప్పుడు జెల్ దండిగా వేయమంటాను, తెర మీద చర్మానికీ ప్రోబ్‌కీ మధ్య సన్నటి నల్లగీతలా జెల్ కనిపించాలంటాను. ఆ గీత మాయమైందంటే నొక్కేస్తున్నట్టే. పైగా పక్కనే మెడలోని పెద్ద రక్తనాళం కొట్టుకుంటూ ఉంటుంది. చేత్తో నొక్కే పద్ధతిలో ఆ కదలిక కూడా లెక్కలో కలిసిపోతుంది. రోగి గుటక వేస్తే బొమ్మ మొత్తం చెదిరిపోతుంది. ఇవన్నీ తెలిసినవాళ్ళు చేస్తే పనికొచ్చే పరీక్ష ఇది. హడావుడిగా చేస్తే అందమైన రంగులే మిగులుతాయి.

మీ వ్యాసం రాసినవారికి అంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను ఊహించగలను. 2007లో ఇటలీలోని పీసా నగరం నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్న 92 మందిని తీసుకున్నారు. వాళ్ళలో 31 మందికి క్యాన్సర్. ఎలాస్టోగ్రఫీ ఆ 31లో 30ని పట్టుకుంది, మామూలు గడ్డల్లో ఒక్కదాన్నీ క్యాన్సర్ అని పొరపడలేదు. అది చదివి ప్రపంచమంతా ఉత్సాహపడింది, నేనూ పడ్డాను. తర్వాత పరీక్ష ఎక్కువమంది చేతుల్లోకి వెళ్ళింది. 2012లో కొరియా డాక్టర్లు 703 గడ్డల మీద ఇదే చూశారు. వాళ్ళకు తేలిందేమిటంటే, ఎలాస్టోగ్రఫీని విడిగా చూసినా, మామూలు నలుపు తెలుపు స్కాన్‌తో కలిపి చూసినా, జాగ్రత్తగా చేసిన ఆ నలుపు తెలుపు స్కాన్‌ని మించలేదు. షియర్ వేవ్‌దీ అదే కథ. ఇన్ని కిలోపాస్కల్స్ దాటితే క్యాన్సర్ అని గీత గీయడానికి ఒకరు 65 అన్నారు, మరొకరు 35 దగ్గర అన్నారు. మిషన్లు వేరు, రోగులు వేరు, చేతులు వేరు. అందుకే అమెరికన్ రేడియాలజీ కాలేజీ 2017లో, స్కాన్ బొమ్మను బట్టి థైరాయిడ్ గడ్డ మీద అనుమానాన్ని లెక్కగట్టేందుకు తెచ్చిన టైరాడ్స్ మార్కుల పద్ధతిలో గట్టితనానికి ఒక్క మార్కు కూడా లేదు.

శాతాల గురించి ఒక మాట. ఇది పత్రికలవాళ్ళందరికీ చెప్పాలనిపిస్తుంది. థైరాయిడ్ గడ్డల్లో క్యాన్సర్ తేలేవి సుమారు 7 నుంచి 15 శాతం. లెక్క సులువుగా ఉండడానికి వందకి పది అనుకుందాం. ఇప్పుడు నేను ఎవర్నీ స్కాన్ చేయకుండా, కళ్ళు మూసుకుని వందమందికీ 'క్యాన్సర్ లేదు' అని రాసిచ్చేసినా తొంభైమంది విషయంలో నా మాట నిజమే అవుతుంది! అలాంటప్పుడు ఏదైనా పరీక్షని 'తొంభై శాతం కచ్చితం' అని పొగిడితే దానికి విలువేముంది? ఆ పదిమందిలో ఎంతమందిని పట్టుకుంది, ఎంతమందిని వదిలేసింది అన్నది రాయండి. రోగికి కావలసింది అదే.

వదిలేసినవాళ్ళలో ఒకరి సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మెడలో గడ్డ ఉంటే వేరే చోట స్కాన్ చేయించుకున్నారు. ఎలాస్టోగ్రఫీ చేసి, మెత్తగా ఉంది, ప్రమాదం లేని గడ్డ అని ముదురు అక్షరాల్లో రాసిచ్చారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. సూది పరీక్ష మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఏడాది దాటాక దవడ కింద ఇంకో గడ్డ చేతికి తగిలితే నా దగ్గరికి వచ్చారు. పాత ఫిలిములు వెలుతురుకి పెట్టి చూశాను. ఆ మొదటి గడ్డలో సగానికి పైగా నీరు. ఒక గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చిన చిన్న కండ, అందులో సూది మొనల్లాంటి తెల్లటి చుక్కలు. నలుపు తెలుపు స్కాన్‌లో ఆ చుక్కలు కనిపిస్తే ఏ రేడియాలజిస్టైనా ఆగి చూడాలి. నీరున్న గడ్డ మీద ఎలాస్టోగ్రఫీ రంగులకు అర్థం ఉండదు, ఆ సంగతి ఈ పరీక్ష నేర్పే మొదటి పాఠాల్లోనే చెబుతారు. కానీ రంగుల బొమ్మ వచ్చేసరికి ఆ చుక్కల్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఆయనకి పాపిలరీ క్యాన్సర్ మెడలోని లింఫు గ్రంథులకు చేరింది. థైరాయిడ్ మొత్తం, మెడ ఒక వైపు గ్రంథులూ తీసేశారు, తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియో అయోడిన్ మందు ఇచ్చారు. ఈ జబ్బు స్వభావం కొంత మంచిది కాబట్టి మాస్టారు ఇప్పుడు బాగున్నారు. రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకుని పార్కులో నడుస్తున్నారు. కానీ ఆరోజే పది నిమిషాలు సూది పరీక్ష చేసి ఉంటే అంత పెద్ద ఆపరేషన్ తప్పేదేమో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈ రంగుల్ని మోసం చేసేది నీరున్న గడ్డ ఒక్కటే కాదు. చుట్టూ గుడ్డుపెంకులా సున్నం కట్టిన గడ్డ లోపల ఏమున్నా గట్టిగానే చూపిస్తుంది. హషిమోటో అనే థైరాయిడ్ వాపు ఉన్నవాళ్ళకు గ్రంథి మొత్తం గట్టిపడి ఉంటుంది, దాంతో పోలిస్తే గడ్డ మెత్తగా అనిపించవచ్చు. మనవాళ్ళలో ఆడవాళ్ళకు ఈ వాపు చాలా ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అన్నిటికంటే కష్టమైనది ఫాలిక్యులర్ రకం క్యాన్సర్. అది చాలాసార్లు ప్రమాదం లేని కంతిలాగే మెత్తగా ఉంటుంది. ఇక్కడ సూది కూడా పూర్తిగా తేల్చలేదని నేను ఒప్పుకోవాలి. ఎందుకంటే ఆ క్యాన్సర్‌ని నిర్ణయించేది గడ్డ చుట్టూ ఉన్న పొరను గానీ, రక్తనాళాలను గానీ దాటిందా అన్నది. విడి కణాల్లో అది కనిపించదు. బెతెస్డా నాలుగు అని రాసేది చాలావరకు ఇలాంటి చోటే. అప్పుడు చాలామందికి ఆ వైపు సగం గ్రంథి తీసి పరీక్షించాల్సి వస్తుంది. మెత్తగా ఉంది కదా అని వదిలేయడానికి వీల్లేని చోటు ఇదే.

ఇక రంగుల సంగతి. సూళ్ళూరుపేట నుంచి ఒక దర్జీ పని చేసుకునే అమ్మాయి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. అంతకుముందు వేరే ఊళ్ళో తీయించుకున్న స్కాన్‌ని ఫోనులో ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారట. బెంగళూరులో ఉన్న మరిది ఇంటర్నెట్‌లో చూసి, ఎరుపు ఉంటే గట్టిదని, గట్టిదైతే క్యాన్సరని చెప్పేశాడు. ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు. నేను అసలు ప్రింటు అడిగి చూశాను. అది చేత్తో నొక్కే రకం మిషను. అందులో ఎరుపు అంటే మెత్తన, నీలం అంటే గట్టి. మరిది చూసింది షియర్ వేవ్ బొమ్మ. అందులో మామూలుగా ఎరుపే గట్టి. రెండు కంపెనీలు రెండు రకాలుగా రంగులు పెట్టాయి. బొమ్మ పక్కన సన్నటి రంగుల పట్టీ ఉంటుంది, ఏ చివర మెత్తన, ఏ చివర గట్టి అన్నది దాని మీదే ఉంటుంది. ఫోటో తీసినవాళ్ళు బొమ్మ పెద్దగా పడాలని ఆ పట్టీనే వదిలేశారు. ఆ అమ్మాయి గడ్డ స్పాంజిలా సన్నటి గదులతో ఉంది. ఆ రకానికి సూదే అవసరం లేదు. ఆ మాట చెప్పగానే బల్ల మీద కూర్చుని ఏడ్చేసింది.

మా స్కాన్ గది బయట లింగ నిర్ధారణ చేయబోమన్న బోర్డు చట్టప్రకారం ఉంటుంది. ఆ అమ్మాయి వచ్చి వెళ్ళాక దాని పక్కన ఇంకో కాగితం అతికించాను. రంగులు చూసి ఎవరూ నిర్ణయానికి రావద్దని, రిపోర్టు తీసుకుని డాక్టరుతో మాట్లాడాలని తెలుగులో, తమిళంలో రాయించాను.

మరి ఈ పరీక్ష ఎందుకు చేస్తున్నారని అడగవచ్చు. ఒకే మెడలో నాలుగైదు గడ్డలున్నవాళ్ళు చాలామంది వస్తారు. అన్నిటికీ సూది వేయలేం. ఏది ముందు అన్నది నలుపు తెలుపు స్కాన్ చెబుతుంది. రెండు గడ్డలు సమానంగా అనుమానంగా ఉన్నప్పుడు గట్టిదాన్ని ముందు ఎంచుకుంటాను. ఇంకొకటి, సూది రిపోర్టు రెండో తరగతి వచ్చినా, గడ్డ నల్లగా, అంచులు గరుకుగా, ఎలాస్టోగ్రఫీలో బాగా గట్టిగా ఉంటే నాకు నిద్ర పట్టదు. సర్జన్‌కి ఫోన్ చేసి మళ్ళీ సూది వేద్దామంటాను. అలా రెండోసారి వేసినప్పుడు క్యాన్సర్ దొరికిన సందర్భాలున్నాయి. అంటే నా చేతిలో ఎలాస్టోగ్రఫీ చాలాసార్లు సూదిని పెంచింది. తగ్గించడానికి వాడాలంటే నేను చాలా జాగ్రత్తగా ఉంటాను. పూర్తిగా కండ ఉన్న గడ్డ, మామూలు స్కాన్‌లో ఏ అనుమానమూ లేనిది, అంతా మెత్తగా ఉంటే 'ఆరునెలలో, ఏడాదో ఆగి చూద్దాం' అన్న మాట ఇంకాస్త ధైర్యంగా చెప్పగలను. అంతవరకే.

సూది ఎప్పుడు వేయాలన్నదానికి లెక్క ఇప్పటికే ఉంది. టైరాడ్స్‌లో గడ్డలో నీరుందా కండ ఉందా, ఎంత నల్లగా ఉంది, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువా, అంచులు ఎలా ఉన్నాయి, తెల్లటి చుక్కలున్నాయా అని మార్కులు వేస్తాం. ఆ మార్కుల్ని బట్టి గడ్డను ఒకటి నుంచి అయిదు తరగతుల్లో పెడతాం, ఇవి ల్యాబ్ రాసే బెతెస్డా తరగతులు కావు. బాగా అనుమానం ఉన్న అయిదో తరగతి గడ్డ ఒక సెంటీమీటరు ఉంటే సూది. నాలుగో తరగతికి ఒకటిన్నర, మూడో తరగతికి రెండున్నర సెంటీమీటర్లు. అంతకంటే చిన్నవాటిలో కొన్నిటిని కాలానుగుణంగా స్కాన్ చేస్తూ చూస్తాం, మిగతావాటిని వదిలేస్తాం. దీనికి ముందే థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించాలి. అది బాగా తక్కువగా ఉండి, అణుస్కాన్‌లో గడ్డ 'వేడిగా', అంటే చుట్టుపక్కల గ్రంథి కంటే చురుగ్గా పనిచేస్తున్నట్టు కనిపిస్తే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ, సూది సాధారణంగా అక్కర్లేదు. అంటే సూది అక్కర్లేనివాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కానీ ఎవరికి అక్కర్లేదో తేల్చేది రంగులు కావు.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అన్యాయం అవుతుంది. ఇప్పుడు చెన్నైలో, బెంగళూరులో 'ఫుల్ బాడీ చెకప్' ప్యాకేజీల్లో ఏ ఇబ్బందీ లేనివాళ్ళకు కూడా మెడ స్కాన్ కలిపేస్తున్నారు. దాని మీద ఎలాస్టోగ్రఫీ కూడా ఉందని ప్రకటిస్తున్నారు. అల్ట్రాసౌండ్‌తో వెతికితే పెద్దవాళ్ళలో చాలామందికి ఏదో ఒక చిన్న గడ్డ కనిపిస్తుంది. దక్షిణ కొరియాలో ఇలాగే జరిగింది. 1999లో అక్కడి ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షల పథకం మొదలుపెట్టింది. థైరాయిడ్ అందులో లేదు, కానీ కొంచెం డబ్బు ఎక్కువిస్తే ఆసుపత్రులు మెడ స్కాన్ కూడా చేసేవి. 2011 వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ రేటు 1993 నాటికంటే 15 రెట్లయింది. మరణాలు మాత్రం తగ్గలేదు, పెరగలేదు. అంటే ఎవరి ప్రాణానికీ ముప్పు తేని చిన్న చిన్న క్యాన్సర్లను వేలకొద్దీ బయటికి తీసి ఆపరేషన్లు చేశారన్నమాట. ఆపరేషన్ అయినవాళ్ళలో 11 శాతం మందికి థైరాయిడ్ పక్కనే ఉండి క్యాల్షియంని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని క్యాల్షియం సమస్య వచ్చింది, 2 శాతం మందికి స్వరతంత్రులు చచ్చుబడ్డాయి. 2014లో అక్కడి డాక్టర్లే కొందరు ముందుకొచ్చి, లక్షణాలు లేనివాళ్ళకు ఈ స్కాన్ ఆపండని పత్రికల ద్వారా ప్రజలకు చెప్పారు. ఏడాదిలోనే ఆపరేషన్లు మూడోవంతుకు పైగా తగ్గాయి. పత్రికలు సరైన మాట చెబితే అంత పని జరుగుతుంది. జపాన్‌లోని కోబెలో కుమా ఆసుపత్రి 1993 నుంచీ సెంటీమీటరు లోపు పాపిలరీ క్యాన్సర్లను, తగినవాళ్ళలో, ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ వస్తోంది. పదేళ్ళలో కాస్త పెరిగినవి 8 శాతమే.

కాబట్టి గడ్డ చేతికి తగిలినవాళ్ళకి, గొంతు బొంగురుపోయినవాళ్ళకి, మింగడం కష్టమైనవాళ్ళకి, ఇంట్లో రక్తసంబంధీకులకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలినవాళ్ళకి నేను స్కాన్ తప్పకుండా చేయించుకోమంటాను. ఒంట్లో ఏమీ లేనివాళ్ళు పండగ ఆఫర్లో వచ్చింది కదా అని మెడ స్కాన్ చేయించుకోవద్దని కూడా అంతే గట్టిగా చెబుతాను.

మీ పత్రిక నుంచి నేను కోరేది ఒకటే. ఆ శీర్షిక తప్పని, ఎలాస్టోగ్రఫీ సూదికి బదులు కాదని అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. నా పేరు మాత్రం వేయవద్దు. నా క్లినిక్‌కి ప్రచారం చేసుకోవడానికి రాశానని ఎవరూ అనుకోకూడదు.

తోటి రేడియాలజిస్టులకు కూడా ఒక విన్నపం. గట్టితనం ఒక్కటే చూసి 'ప్రమాదం లేని గడ్డ' అని రిపోర్టులో రాయకండి. ఏ రకం ఎలాస్టోగ్రఫీ చేశారో, ఏ రంగుకి ఏ అర్థమో, కిలోపాస్కల్ అంకె వస్తే అది గడ్డలో ఏ భాగానిదో ఒక వాక్యం రాయండి. నీరున్న గడ్డకి, సున్నం కట్టిన గడ్డకి ఈ పరీక్ష వర్తించదని రాయడానికి మొహమాటపడకండి. డబ్బు తీసుకున్నాం కదా అని ఏదో ఒక ఫలితం రాయాల్సిన పనిలేదు.

పాఠకులకు చెప్పేది: స్కాన్‌కి వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, ఫిలిములు, సూది పరీక్ష కాగితాలు అన్నీ సంచిలో వేసుకుని రండి. ఫోనులో ఫోటో ఉందని ఆగిపోకండి. రెండేళ్ళ క్రితం గడ్డ ఎన్ని మిల్లీమీటర్లుండేదో ఆ పాత కాగితంలోనే ఉంటుంది, నాకు ముందు కావలసింది అదే.

ఇట్లు,
ఒక రేడియాలజిస్టు,
పెరంబూరు, చెన్నై.